నడుము దగ్గర రెండున్నర అంగుళాలు

నెల మొదటి తారీఖున కాఫీ పెట్టుకోకముందే తన కొలతలు తాను తీసుకోవడం ఆమెకు అలవాటు. వంటగది కిటికీ పక్కన నిలబడి, మేకుకు తగిలించిన టేపు అందుకుని, ముందు భుజం, తర్వాత ఛాతీ, నడుము, తుంటి, చివర్న చేతి పొడుగు. ఒంటరి మనిషికి భుజం కొలుచుకోవడం అంత తేలిక పని కాదు. టేపు కొసను పిన్నీసుతో నైటీ భుజానికి గుచ్చి, వీపు మీదుగా లాగి, రెండో భుజం దగ్గర గోటితో పట్టుకుని, అద్దంలో తిరగబడ్డ అంకెను చదువుకోవాలి. చదివినవన్నీ క్యాలెండరు వెనక పెన్సిల్‌తో రాస్తుంది. పాత క్యాలెండర్లు పారెయ్యదు. ముప్ఫై మూడు క్యాలెండర్లు మంచం కింద దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి.

ఆ నెల నడుము దగ్గర టేపు ఆగిన చోటు చూసి ఆమె నమ్మలేదు. ఊపిరి బిగబట్టి ఉంటానేమోనని వదిలేసి మళ్ళీ కొలిచింది. అదే అంకె. కిందటి నెల కంటే ఒకటిన్నర అంగుళం తక్కువ. అంతకు ముందు నెలలోనే ఒక అంగుళం తగ్గింది. వెరసి రెండున్నర.

'ఇది అక్కడ కూడా పడి ఉంటుందా?' అనుకుంది. ముప్ఫై మూడేళ్ళుగా నెలకోసారి అనుకునే మాటే ఇది. ఎవరినీ అడిగింది లేదు.

ఆమె పనిచేసింది ఒక పెద్దాసుపత్రిలో, నేలకింద ఉండే బట్టల గదిలో. పైన డాక్టర్లు మనుషుల్ని కుడుతుంటే కింద ఆమె దుప్పట్లు కుట్టేది. చిరిగిన దిండు గలీబులు, బొత్తాలూడిన రోగుల చొక్కాలు, జేబులు వేలాడే నర్సుల కోట్లు రోజుకో బండెడు వచ్చేవి. ఆమె వేసిన కుట్టు ఎక్కడుందో వేలితో తడిమినా తెలిసేది కాదు. అందుకే ఆ గదిలో అందరూ వాళ్ళ భాషలో ఆమెను సన్నకుట్టు అని పిలిచేవాళ్ళు. ఆర్నెల్ల క్రితం కేకు కోసి, పూలిచ్చి, ఇంటికి పంపించారు. ఆ పూలు వారం ఉన్నాయి. ఆ తర్వాత నుంచి పొద్దున లేచి ఏం చెయ్యాలో తోచక ఆమె తలుపు గడియ వేశానా లేదా అని రోజుకు పదిసార్లు చూసుకుంటోంది.

అసలు సంగతి చెప్పాలంటే వాళ్ళ నాన్న పుస్తకం దగ్గర మొదలుపెట్టాలి.

ఆయన టైలరు. షాపు ముందు గదిలో, ఇల్లు వెనక గదుల్లో. బల్ల మీద ఒక కొలతల పుస్తకం ఉండేది, అట్ట ఊడిపోతే కాన్వాసు గుడ్డ అంటించిన లావుపాటి పుస్తకం. మనిషికో పేజీ. మొదటిసారి టేపు పెట్టి కొలిచి రాస్తే చాలు, ఆ తర్వాత ఆ మనిషి లావెక్కినా చిక్కినా, ఎదిగినా వంగినా, పేజీలో అంకెలు వాటంతటవే మారిపోయేవి. ఊరు విడిచి ఎక్కడికో ఉద్యోగానికి పోయినవాళ్ళు కూడా 'ఒక కోటు కుట్టి పంపండి' అని కార్డు ముక్క రాసేవాళ్ళు. కోటు వెళ్ళేది, సరిపోయేది. దీన్ని చూసి ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. పిల్లల పంట్లాలు పొట్టివి కాకుండా వస్తున్నాయని తల్లులు సంతోషించారు, అంతే. మనిషి పోతే అంకెలు చెరిగిపోయి పేరొక్కటే మిగిలేది. అప్పుడు నాన్న మిషను ఆపి, శుభ్రమైన చొక్కా వేసుకుని, ఆ ఇంటికి బయల్దేరేవాడు. చాలాసార్లు కబురు కంటే ముందు ఆయనే చేరేవాడు.

ఆ షాపుకొక నియమం ఉండేది. కొలత చూడాలి, కుట్టాలి, నోరు మెదపకూడదు. ఒకసారి రొట్టెలు కాల్చే ఆయన పేజీలో నడుము దగ్గర నలభై ఆరు చూసి పదేళ్ళ సన్నకుట్టు పకపకా నవ్వింది. నాన్న కేకలెయ్యలేదు. టేపు చేతికిచ్చి సాయంత్రం దాకా మూల నిలబెట్టాడు. "మనిషి తనంతట తాను చెప్పుకునేదాకా, ఒంటి సంగతి మనకు తెలియనట్టే ఉండాలి. అడిగామంటే చూశామని తెలిసిపోతుంది. సిగ్గుపడి మళ్ళీ మన గడప తొక్కరు," అన్నాడు. పెళ్ళికి మూడు వారాల ముందు పెళ్ళికూతురి నడుము పెరుగుతూ పోతే ఆయన కిమ్మనకుండా గౌను వదులు చేసిచ్చాడు. బడి పెద్దాయన ఛాతీ నెలనెలా తగ్గిపోతుంటే, కోటు లోపల మెత్త వేసి కుట్టి, మనిషి నిండుగా కనబడేలా చేశాడు. ఆ ఇద్దరూ తమకు తామే ఆయన దగ్గర కూర్చుని కష్టం చెప్పుకుని ఏడ్చారు.

ఇరవై ఏడేళ్ళు వచ్చేదాకా ఆమెను అందరూ అబ్బాయనే అన్నారు. ఆమె కూడా అనిపించుకుంది. తల్లి పోయిన ఇంట్లో, తండ్రి పక్కన రెండో మిషను మీద కూర్చుని, ఊరి మగవాళ్ళ చొక్కాలన్నీ కుట్టింది. మిగిలిన ముక్కలతో ఎవరికీ తెలియకుండా ఒక నీలం గౌను కుట్టుకోవడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి అతికించడం మిగిలి ఉండగా గుడ్డల మూట కింద అది నాన్న కంట పడింది.

"ఎవరిదిది?" అన్నాడాయన.

నాన్న గౌనును బల్ల మీద పరిచి, భుజాల మీద టేపు పెట్టాడు. పదహారుంబావు. ఊళ్ళో ఏ ఆడమనిషికీ అంత భుజం లేదని ఆయనకు తెలుసు. అయినా పుస్తకం తెరిచి, ఒక్కో పేజీ తిప్పుతూ, ఆడవాళ్ళందరినీ వెతికాడు. ఆ తర్వాత మగవాళ్ళ పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. ఆయన వేలు ఎక్కడ ఆగుతుందో ఆమెకు ముందే తెలుసు. ఆ పేజీలు తిరుగుతున్న చప్పుడు ఆమె ఇప్పటికీ మర్చిపోలేదు.

"ఈ పేజీ ఇవాళ చించేస్తాను," అన్నాడు నాన్న. గొంతు పెంచలేదు. ఆ పుస్తకంలో అంతవరకూ ఎవరి పేజీ చించలేదు. పోయినవాళ్ళ పేజీలు కూడా అలాగే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నమే ఆమె బస్సెక్కింది. ఆ బస్సు తర్వాత రైలు, రైలు తర్వాత ఓడ, చివరికి ఈ దేశం. పదిహేనేళ్ళ చెల్లెలు బడి నుంచి వచ్చేసరికి రెండో మిషను మీద మూత వేసి ఉంది.

ఈ దేశంలో ఆమె నెమ్మదిగా తనలా తను అయింది. డాక్టర్లు, మందులు, ఒక ఆపరేషను, కోర్టులో ఒక కాగితం. తన పేరు తానే పెట్టుకుంది. ఒక సోమవారం బట్టల గదిలో ఆ పేరు చెబితే, అక్కడివాళ్ళు రెండు రోజులు తడబడి, మూడో రోజు నుంచి మామూలుగా దుప్పట్ల గురించి మాట్లాడుకున్నారు. బయట ఇంత సులువుగా ఏమీ జరగలేదు గానీ, ఆ గదిలో మాత్రం జరిగింది. ఆ గది రుణం తీరేది కాదని ఆమె ఇప్పటికీ అంటుంది.

కానీ ఆ పేజీ? నాన్న చించేశాడనుకున్న రోజున ఆమెకు ఏడుపొచ్చేది. చించలేదేమో అనుకున్న రోజున ఎవరు చూస్తున్నారోనని దిగులేసేది. మందులు మొదలుపెట్టిన రెండో ఏడు నుంచి ఛాతీ, నడుము, తుంటి అంకెలు ఎటువైపు నడిచాయో, టైలరు ఇంట్లో పుట్టినవాళ్ళెవరికైనా చూడగానే తెలిసిపోతుంది. పేజీ ఉంటే వాళ్ళకు అంతా తెలుసు. తెలిసి కూడా ఒక్క మాట అనడం లేదంటే ఇక వాళ్ళకు తనతో పని లేదన్నమాట. ఏ దారిన ఆలోచించినా చివరికి భయం దగ్గరే తేలేది.

చేరిన కొత్తలో ఆమె రాసిన ఉత్తరంలో నంబరు చూసి చెల్లెలు ఒక్కతే ఫోను చేసేది, ఆదివారం ఆదివారం. ఫోను రాకముందే ఆమె గొంతు సవరించుకుని, చల్లటి నీళ్ళు తాగి, అన్నయ్య గొంతు తెచ్చిపెట్టుకునేది. ముఖం చూపించమంటే కెమెరా పాడైందనేది. నాలుగు ఫోన్లు మార్చింది, నాలుగింటికీ కెమెరా పాడే. నాన్న ఎప్పుడూ ఫోను దగ్గరకు రాలేదు. తొమ్మిదేళ్ళ క్రితం ఆయన పోయాడని చెల్లెలు చెప్పినప్పుడు, సెలవు దొరకలేదని అబద్ధం చెప్పి, బట్టల గదిలో ఉతకని దుప్పట్ల గుట్ట వెనక కూర్చుని ఏడ్చింది. ఏ బట్టలు వేసుకుని ఆ ఇంటికి వెళ్ళాలో ఆమెకు తోచలేదు.

నాన్న పోయాక ఇంకో సంగతి కూడా ఆమె గమనించింది. చెల్లెలు 'అన్నయ్యా' అనడం మానేసింది. "నేనే" అని మొదలుపెట్టి, "సరే, ఉంటా" అని పెట్టేసేది. మధ్యలో వరస పెట్టి పిలిచేదే కాదు. దూరం చేసేసిందని సన్నకుట్టు లోలోపల కుమిలిపోయేది.

కింది అంతస్తులో ఇస్త్రీ ఆవిడ ఉంటుంది. బట్టల గదిలో పాతికేళ్ళు ఆవిరి ఇస్త్రీ లాగిన మనిషి, మోచేతుల దాకా కాలిన మచ్చలు. ఆవిడదీ వేరే దేశమే. రెండో తారీఖున గొడుగు ఊపుకుంటూ మెట్లెక్కి వచ్చింది.

"కాగితం నింపావా?"

బల్ల మీద ఆ కాగితం వారం నుంచి అలాగే ఉంది. ఊరి చివర వృద్ధుల నివాసంలో పక్కపక్క గదులు రెండు ఖాళీ అయ్యాయి. ఇస్త్రీ ఆవిడ ఒకటి పుచ్చుకుంది. రెండోది నెలాఖరు దాకా సన్నకుట్టు కోసం ఆపారు. అందులో చేరినవాళ్ళు ఏడాదికి నాలుగు వారాలకు మించి బయట ఉండటానికి లేదు. సంతకం పెడితే ఇక మిగతా బతుకంతా ఇక్కడే.

"దగ్గరి బంధువు పేరు రాయమంటున్నారు," అంది సన్నకుట్టు.

"నా పేరు రాయి. నేను నీ పేరే రాశా. ఇద్దరం ఒకేసారి పోతే వాళ్ళ తిప్పలు వాళ్ళు పడతారు." ఇస్త్రీ ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని ఆమెను ఎగాదిగా చూసింది. "ఏంటి నువ్వు, హ్యాంగరుకు తగిలించిన కోటులా అయిపోయావు? తింటున్నావా?"

"తింటున్నా."

"ఏం తిన్నావ్ నిన్న?"

సన్నకుట్టుకు గుర్తు రాలేదు.

"మీ ఊరెళ్ళాలని ఉంటే వెళ్ళు. లేదా నా పక్క గదిలోకి రా. రెండిటి మధ్యా వేలాడుతూ ఎండిపోకు." ఇస్త్రీ ఆవిడ గొంతు తగ్గించింది. "టోపీల ఆవిడ సంగతి తల్చుకుంటున్నావు కదూ?"

తల్చుకోకుండా ఎలా ఉంటుంది. టోపీలు కుట్టే ఆవిడ ఆమెలాంటిదే, ఆమె కంటే పదేళ్ళు పెద్దది. ఈ దేశంలో ఎలా బతకాలో, ఏ డాక్టరు నవ్వకుండా మాట్లాడతాడో చెప్పింది ఆవిడే. నివాసంలో ఆరేళ్ళు మహారాణిలా ఉండి పోయింది. పోయిన మూడో రోజున, బతికుండగా ఒక్కసారీ రాని మేనల్లుడొకడు కాగితాలు పట్టుకుని దిగాడు. ఆవిడ జుట్టు కత్తిరించి, మగవాళ్ళ కోటు తొడిగించి, రాతి మీద ఆవిడ విడిచిపెట్టిన పాత పేరు చెక్కించి వెళ్ళిపోయాడు. సన్నకుట్టు ఆ రాయిని ఒక్కసారి చూసి, మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు. రక్తసంబంధం అనే మాట వింటే ఆమెకు ఆ రాయే గుర్తొస్తుంది.

"నాకు ఊరెళ్ళాలనే ఉంది," అంది ఉన్నట్టుండి. "షాపులో సాంబ్రాణి వాసన కాదు, పూల వాసన కాదు, మిషను నూనె వాసన గుర్తొచ్చి ప్రాణం లాగేస్తోంది. చెల్లెలి ముఖం ఎలా ఉందో ఒక్కసారి చూడాలి. కానీ ఉత్తరం కావాలి."

ఉత్తరం సంగతి ఇది. ఆమెది ఇప్పుడు ఈ దేశపు పాస్‌పోర్టు. పుట్టిన దేశంలో ఎక్కువ కాలం ఉండాలంటే వీసా కావాలి. వీసా కిటికీ దగ్గర కూర్చున్న గుమాస్తా పోయిన నెల కళ్ళజోడు పైనుంచి చూసి స్పష్టంగా చెప్పాడు. "అక్కడున్న బంధువు మిమ్మల్ని పిలుస్తూ ఉత్తరం రాయాలి. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో ఉత్తరంలో అచ్చం అలాగే ఉండాలి. మీరు వాళ్ళకు ఏమవుతారో కూడా రాయాలి." అదీ చిక్కు. చెల్లెలికి తెలిసిన పేరుతో ఉత్తరం వస్తే ఈ కిటికీ ఒప్పుకోదు. ఈ పేరుతో ఉత్తరం రావాలంటే చెల్లెలికి చెప్పాలి. చెప్పాక చెల్లెలు ఫోను పెట్టేస్తే, ఉన్న ఒక్క ఆదివారం కూడా పోతుంది.

"పేజీ చించలేదేమో," అంది ఇస్త్రీ ఆవిడ. పుస్తకం సంగతి ఆవిడకు ఎప్పుడో తెలుసు. "నాకు తెలీక అడుగుతా, అన్నేళ్ళు అంకెలు మారుతూ ఉంటే ఆ కాగితం చిరగదా?"

"మంచి కాగితం," అంది సన్నకుట్టు. నాన్న ఆ కాగితం కోసం రెండూళ్ళు తిరిగాడని ఆమెకు గుర్తుంది.

వచ్చిన ఆదివారం చెబుదామనుకుంది. ఏం చెప్పాలో క్యాలెండరు వెనక రాసుకుంది కూడా. 'చెల్లీ, నీతో ఒక మాట చెప్పాలి.' ఫోను మోగింది. అన్నయ్య గొంతుతో బాగున్నానంది. అక్కడ వర్షాలు పడుతున్నాయా అని అడిగింది. మిషను బెల్టు మార్చారా అని అడిగింది. రాసుకున్న మాట మాత్రం పైకి రాలేదు. "సరే, ఉంటా," అంది చెల్లెలు. ఆ తర్వాత కూడా కాసేపు ఫోను పెట్టలేదు. ఊపిరి వినిపించింది. తర్వాత పెట్టేసింది. ఆ తర్వాతి ఆదివారాలూ ఇదే తంతు.

నెలాఖరుకు మూడు రోజులున్నాయి. బుధవారం పొద్దున ఇస్త్రీ ఆవిడ ఒక గిన్నె సూపు, ఒక రొట్టె బల్ల మీద పెట్టి, "సాయంత్రం నేను వచ్చేసరికి ఇవి ఉంటే నీ నెత్తిన పోస్తా," అని చెప్పి వెళ్ళింది. సన్నకుట్టు రొట్టె వైపు చూస్తూ కూర్చుంది. చివరికి పెన్ను తీసి, దగ్గరి బంధువు అన్న చోట ఇస్త్రీ ఆవిడ పేరు రాసేసింది. సంతకం దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

ఆదివారం కాదు, నీళ్ళు తాగలేదు, గొంతు సవరించుకోలేదు. నివాసం వాళ్ళే అయి ఉంటారనుకుని ఎత్తి, "చెప్పండి," అంది. తన గొంతుతో.

అవతల మిషను ఆడుతున్న చప్పుడు వినబడుతోంది. అది ఆగింది.

"నేనే," అంది చెల్లెలు.

గొంతు మార్చుకునే వేళ దాటిపోయింది. ఎవరో పోయి ఉంటారు, లేకపోతే బుధవారం ఎందుకు చేస్తుంది? ఆ ఇంట్లో పోవడానికి మిగిలింది ఎవరు?

"భయపడకు. ఇక్కడంతా బాగానే ఉన్నాం," అంది చెల్లెలు. "ఆదివారమైతే నువ్వు తయారుగా ఉంటావు. అందుకే ఇవాళ చేశా. నాన్న నియమం ఒకటి తప్పాల్సొచ్చింది. తప్పు నాదే, నువ్వేమీ అనుకోకు."

"ఏమైంది?"

"నాకేం కాలేదు, నీకే ఏదో అయింది. నడుము దగ్గర రెండున్నర అంగుళాలు తగ్గింది, రెండు నెలల్లో. ఈ వారం ఛాతీ కూడా ముప్పావు అంగుళం తగ్గింది. రోజూ పొద్దున పుస్తకం తెరవాలంటేనే నాకు చేతులాడట్లేదు. ఏ రోజు తెరిస్తే ఏ అంకె ఉండదో అని." పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. "జబ్బు చేసిందా? ఎవరూ వండిపెట్టడం లేదా? చెప్పు అక్కా."

సన్నకుట్టు బల్ల అంచు పట్టుకుంది. కిటికీ అవతల ఎవరో సైకిలు గంట కొడుతున్నారు. ఆమె అడగగలిగింది ఒక్కటే.

"పేజీ చించలేదా?"

"చించాడు. నువ్వెళ్ళిన సాయంత్రమే చించాడు. నేను చూస్తుండగానే. పొద్దున లేచేసరికి దీపం పక్కన కూర్చుని మళ్ళీ పుస్తకంలో పెట్టి కుడుతున్నాడు. నీ కుట్టంత సన్నగా రాలేదని విసుక్కున్నాడు కూడా. పుస్తకం మొత్తంలో ఆ ఒక్క పేజీ దారంతో ఉంటుంది."

"మరి అన్నీ..."

"అన్నీ తెలుసు. అంకెలు మారడం మొదలైన ఏడు నాన్న రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు ఆ నీలం గౌను బయటికి తీశాడు. మిగిలిన చెయ్యి అతికించాడు. ఛాతీ దగ్గర వదులు చేసి, నడుము దగ్గర లోపలికి పట్టి బిగించాడు. అప్పట్నుంచి ఏడాదికోసారి దాన్ని విప్పి, నీ కొలత చూసి మళ్ళీ కుట్టేవాడు. విప్పి కుట్టీ విప్పి కుట్టీ ఆ గుడ్డలో సూది దిగడానికి చోటు లేదిప్పుడు. ఆయన పోయాక నేను కుడుతున్నా. అందుకే ఈసారి చూసి హడలిపోయా. పోయిన నెల పట్టాను, ఈ నెల మళ్ళీ పట్టాల్సొచ్చింది."

ఏడుపు వస్తుందనుకుంది సన్నకుట్టు. వచ్చింది కోపం. ముప్ఫై మూడేళ్ళు ఒక్కసారిగా నెత్తికెక్కినట్టయింది.

"తెలిసి ఒక్క మాట అనలేదు మీరు. ఒక్క మాట. నేనిక్కడ ప్రతి నెలా టేపు పట్టుకుని చచ్చిపోయాను. నాన్న ఒక్కసారి ఫోను దగ్గరకు వస్తే ఏం పోయేది?"

"ఎందుకు రాలేదు? ప్రతి ఆదివారం నా పక్కనే నిలబడేవాడు, పుస్తకం పట్టుకుని. అడుగుతాను నాన్నా, అక్కా అని పిలుస్తాను అంటే నా చెయ్యి పట్టుకుని ఆపేవాడు. 'తనంతట తాను చెప్పాలి. మనం అడిగితే కొలత చూశామని తెలుస్తుంది, సిగ్గుపడుతుంది. ఈ ఫోను కూడా ఎత్తదు' అనేవాడు. పోయే ముందు నాతో ఒట్టు వేయించుకున్నాడు. అక్కా అనడానికి లేదు, అన్నయ్యా అనడానికి నాకు నోరు రావట్లేదు. ఏమని పిలవమంటావు నిన్ను?" చెల్లెలికి కూడా కోపం వచ్చింది. "నువ్వైనా చెప్పావా? ఆ గొంతొకటి పెట్టుకుని, జలుబు చేసిన పోలీసులా. వారం వారం ఆ గొంతు వినలేక చచ్చేదాన్ని."

సన్నకుట్టుకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటు ఇందాక రాని ఏడుపు కూడా వచ్చేసింది. ఇద్దరూ ఫోనుకు చెరోవైపు ముక్కులు తుడుచుకున్నారు. నాన్న పక్కనే నిలబడ్డాడన్న మాట మాత్రం ఆమె లోపల ముల్లులా దిగిపోయింది. దానికి మందు లేదని, ఇక అది ఉంటుందని ఆమెకు అర్థమైంది. ఇంట్లో అందరికంటే బాగా ఆ నియమం వంటబట్టింది ఆమెకే. మూల నిలబడి నేర్చుకున్న మనిషి. అయినా నాన్న నోరు మూసుకోవడాన్ని తన మీద అసహ్యం అనుకుంది.

"జబ్బేమీ లేదు," అంది చివరికి. "భయం. అంతే. ముద్ద దిగట్లేదు."

"దేనికి భయం?"

అప్పుడు చెప్పింది. గది గురించి, నెలాఖరు గురించి, వీసా కిటికీ గురించి, టోపీల ఆవిడ రాయి గురించి. చెల్లెలు మధ్యలో అడ్డు రాకుండా విన్నది. అంతా విన్నాక, "వచ్చి ఎక్కడుంటావు? వెనక గదిలో కిటికీ తలుపు సరిగా పడదు, బాగు చేయించాలి," అంది. తర్వాత, "ఊళ్ళోవాళ్ళు అంటారు. అనరని నేను చెప్పను. నాలుగు రోజులు గుమ్మం ముందు ఆగి మరీ చూస్తారు. వాళ్ళందరి నడుములూ నా పుస్తకంలో ఉన్నాయి. నేను వాళ్ళ గురించి ఎప్పుడైనా నోరెత్తానా?" అంది.

"ఉత్తరం రాస్తావా మరి?"

"రాయక? కాగితం ముందు పెట్టుకునే కూర్చున్నా." బల్ల సొరుగు లాగిన చప్పుడు వినిపించింది. "మా అక్క అని రాస్తా. ఏమవుతారో రాయమన్నారు కదా. పేరు ఏం రాయాలి?"

సన్నకుట్టు ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"నీ పేజీలో పాత పేరు నాన్న ఎప్పుడో రబ్బరుతో చెరిపేశాడు," అంది చెల్లెలు. "అంకెలైతే వాటంతటవే మారతాయి. పేరు మారదుగా, మనం రాయాల్సిందే. ఏం పేరు పెట్టుకున్నావో ఆయనకు తెలీదు. అందుకని 'మా పెద్దమ్మాయి' అని రాసి, పక్కన ఖాళీ వదిలాడు. ఇన్నేళ్ళూ అలాగే ఉంది. నీ పేరేంటి అక్కా?"

ఆమె ఆ పేరును జడ్జి ముందు చెప్పింది, డాక్టర్ల ముందు చెప్పింది, బ్యాంకులో, ఆసుపత్రిలో, బస్సు పాసు కోసం చెప్పింది. తన వాళ్ళెవరికీ, తన భాషలో, ఎప్పుడూ చెప్పలేదు. ఒకసారి చెప్పింది, సగంలో ఆగిపోయింది. ఊపిరి తీసుకుని మళ్ళీ మొదట్నుంచి చెప్పింది.

చెల్లెలు ఒక్కో అక్షరం పైకి పలుకుతూ రాసుకుంది. ఒకచోట ఆగి, "ఇక్కడ దీర్ఘమా?" అని అడిగింది. అవునంది ఆమె. పెన్సిలు కాగితం మీద గీసుకుంటున్న చప్పుడు ఫోనులో సన్నగా వినబడుతూనే ఉంది.

"రాశాను," అంది చెల్లెలు.

"ఉత్తరంలోనా?"

"ముందు పుస్తకంలో రాశా. ఉత్తరం ఇప్పుడు మొదలుపెడతా. నువ్వు ముందు ఏదైనా తిను, రేపు పొద్దున నేను చూస్తాను."

ఫోను పెట్టేశాక సన్నకుట్టు నివాసం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఇస్త్రీ ఆవిడకు ఎలా చెప్పాలా అనుకుంటూ క్యాలెండరు కింద దోపింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, చల్లారిన సూపులో రొట్టె ముంచుకుని తినడం మొదలుపెట్టింది.